పిండిమర యిల్లాలి చేప

హోటలులో రుచి చూచిన వంటకమును ఇంట వండబూనిన గృహిణికి మొదట కలుగునది తరచుగా ఆశాభంగమే. అది వారి చేతి రహస్యము, మన పొయ్యికి లొంగదు అని గరిటె ప్రక్కన బెట్టుట మనకు అలవాటైనది. ఫ్రెంచివారి వెన్నచేపను గూర్చి మేమును చాలకాల మట్లే తలచితిమి. తెల్లని బల్లగుడ్డ, మెరయు పళ్లెము, వడ్డించువాని మర్యాద, ఇవన్నియు కలిసి దానిని రాచవంటగా మా కన్నులకు గట్టినవి.

దాని పేరు విచారించిన పిమ్మట మా భ్రమ తొలగినది. ఫ్రాన్సు దేశమున దానిని సోల్ మెనియేర్ అందురు. సోల్ అనునది చెప్పు అట్టవలె పలుచగా నుండు సముద్రపు చేప. మెనియేర్ అనగా పిండిమరవాని భార్య. ఆ యింట సదా చేతికందునది పిండియే గదా! చేపకు పిండి అద్ది వెన్నలో వేచు ఈ పద్ధతికి ఆ యిల్లాలి పేరే నిలిచినది. కావున సోదరీమణులారా, ఇది మొదటినుండియు ఇంటివంటయే.

ఈ చేప యొక స్త్రీ జీవితమునే మార్చినది. జూలియా చైల్డ్ అను అమెరికా వనిత, పారిసునగరమున ఉద్యోగమునకు వచ్చిన భర్తతో 1948 నవంబరు 3వ తేదీన ఫ్రాన్సులో ఓడ దిగి, దారిలో రువాన్ పట్టణమున భోజనమునకు ఆగెను. అప్పటి కామెకు 36 ఏండ్లు. వంటలో చెప్పుకొనదగిన నేర్పు లేదు. వెన్నలో బుసబుసలాడుచు వచ్చిన ఆ చేపను ఆమె జన్మలో మరువలేదు. మరుసటి యేట పారిసులో వంటబడిని జేరెను. 1961లో మరి యిద్దరు స్త్రీలతో గలిసి, పనిమనుషులు లేని యింట తానే వండుకొను గృహిణికై ఫ్రెంచివంటల గ్రంథమును వెలువరించెను.

ఇక వండు విధము. సోల్ చేప దొరకకున్నను చింత లేదు. చందువా గాని, ముల్లు తీసిన పండుగప్ప గాని చక్కగా పనికివచ్చును. నలుగురికి 150 గ్రాముల చొప్పున నాలుగు ముక్కలు, అరగిన్నెడు మైదాపిండి, నాలుగు చెంచాల నెయ్యి, ఉప్పు వేయని వెన్న 60 గ్రాములు, ఒక నిమ్మకాయ, ఉప్పు, మిరియాలపొడి, సన్నగా తరిగిన కొత్తిమీర చాలును. ఫ్రెంచివారు కొత్తిమీరకు బదులు పార్‌స్లీ ఆకు వాడుదురు.

మేము మొదటిమారు కడిగిన చేపను తడియారకుండనే పిండిలో బొరలించితిమి. పిండి జిగురై పెనమున కంటుకొనినది; చేప తునకలైనది; వెన్న మాడి నల్లనైనది. ఆనాడు ఇంటివారు మారుమాటాడక భుజించి లేచిరి. ఆ మౌనమే మాకు పాఠమైనది. చేపను పొడిగుడ్డతో రెండుమారులు అద్ది ఆరబెట్టవలెను. తడి యున్నంతవరకు వేడి యంతయు ఆ నీటిని ఆవిరిచేయుటకే చెల్లును గాని, చేపపై ఎఱ్ఱదనము రాదు. ఉప్పు, మిరియాలపొడి రాచి, పెనమున వేయబోవు క్షణముననే పిండి అద్ది, అధికమైన దానిని దులిపివేయవలెను.

రెండవ మెలకువ, వేచుటకు నెయ్యి, పైన పోయుటకు వెన్న. వెన్నలోని పాలపదార్థము ఎక్కువ వేడికి మాడును; నేతిలో అది యుండదు. నెయ్యి బాగుగా కాగిన పిదప చేపను వేసి, కదపక, వ్రేలి మందపు ముక్కను ప్రక్కకు మూడు నిమిషముల చొప్పున వేచి, వేడిపళ్లెములోనికి తీయవలెను.

అంతలో లోపల తెల్లగా మెరయు చిన్న గిన్నెలో వెన్నను సన్నని సెగపై కరగనీయవలెను. మొదట చిటపటలాడును; అది నీరు పోవు చప్పుడు. చప్పుడు తగ్గి, నురగ లేచి, అడుగున గసి బంగారువన్నెకు వచ్చును. వెన్న కాచి, మునగాకు వేసి దించు వేళ వచ్చు కమ్మని వాసన మన కెల్లరకు తెలిసినదే. ఆ వాసనయే గురుతు. వెంటనే దించి నిమ్మరసము పిండి, చేపపై పోసి, కొత్తిమీర చల్లవలెను. ఒక్క నిమిషము ఆలసించిన గసి నల్లబడి చేదగును.

ఇక అసలు సంగతి. ఈ వంటకము వేచియుండదు. వెన్న నురగ అణగకముందే తినవలెను. అందఱకు వడ్డించి కడపట చల్లారినది తాను తినుట గృహిణి ధర్మమని మన యిండ్లలో ఎన్నడో స్థిరపడినది. చేపలపులుసు ఆ ఆలస్యమును సహించును. మరునాటికి మఱింత రుచించును గూడ. ఈ చేప సహింపదు. చల్లారినదే తిన్నచో వండినయామెకు దాని రుచి ఎన్నటికిని తెలియదు. తెలియని రుచిని దిద్దుకొనుట యెట్లు?

అందుచే మేమొక యేర్పాటు చేసికొంటిమి. పెనమున వాయకు రెండు ముక్కలు పట్టును. వెన్నను గూడ వాయకు సగము చొప్పున కాచుదుము. మొదటి వాయ పిల్లలకు. రెండవ వాయ దిగగానే పొయ్యి ఆర్పి, వండినవారును కూర్చుండి వేడిగా తినవలెను. మా అత్తగారికి ఇది మొదట రుచింపలేదు. తరువాత తినెదనని లేవబోయిరి. చేయి పట్టి కూర్చుండబెట్టితిమి. ఇంటివారందఱితో బాటు వేడిగా తినుట ఆమెకు అలవాటు లేని పని. రెండు ముద్దలు తిని, కొంతసేపు ఊరకుండి, "నిమ్మరసము కొంచెము ఎక్కువైనది, అమ్మాయీ" అనిరి.

మరుసటిమారు నిమ్మరసము తగ్గించితిమి. ఆమె మాటయే సరియైనది.