అప్రెంటిస్ స్టైఫండ్: ఎవరు ఎంత ఇస్తారు, రాకపోతే ఎవరిని అడగాలి

ఐటీఐ అయిపోయిన పిల్లలు, డిగ్రీ పాసైనవాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు మా ఆఫీసుకొచ్చి ఎక్కువగా అడిగేది ఒకటే. "సార్, తొమ్మిది వేలన్నారు, ఖాతాలో నాలుగున్నర వేలే పడ్డాయి. మిగతాది కంపెనీ తినేసిందా?"

చాలాసార్లు కంపెనీ తినలేదు. మిగతా సగం ప్రభుత్వం నుంచి విడిగా వస్తుంది. అది మీరు మర్చిపోయిన ఇంకో ఖాతాలో పడి ఉండొచ్చు, లేదా పోర్టల్‌లో ఆగిపోయి ఉండొచ్చు. కొన్నిసార్లు నిజంగానే ఎగ్గొడతారు. ఈ రెండింటికీ తేడా ఎలా తెలుసుకోవాలో చెప్పడానికే ఈ పీడీఎఫ్.

ఇది దయతో ఇచ్చే సీటు కాదు

అప్రెంటిస్‌ల చట్టం 1961లో వచ్చింది. దాని ప్రకారం 30 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థ అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే. కాంట్రాక్టు సిబ్బందిని కూడా కలిపి లెక్కేసి, మొత్తంలో 2.5 నుంచి 15 శాతం వరకు తీసుకోవాలి. 4 నుంచి 29 మంది ఉన్న చిన్న సంస్థలకు అది వాళ్ల ఇష్టం. తీసుకోవాల్సినవాళ్లు తీసుకోకపోతే, తగ్గిన ఒక్కో అప్రెంటిస్‌కు మొదటి మూడు నెలలు నెలకు 500 రూపాయలు, ఆ తర్వాత నెలకు 1,000 రూపాయల జరిమానా. పెద్ద కంపెనీకి ఈ జరిమానా ఒక లెక్క కాదని నా అభిప్రాయం. అయినా మీరు అడిగేటప్పుడు చట్టం మీ వైపు ఉందని గుర్తుంచుకోండి.

2019 నియమాల ప్రకారం నెలకు కనీస స్టైఫండ్ ఇలా ఉంది. ఐదు నుంచి తొమ్మిదో తరగతి వరకు చదివినవాళ్లకు 5,000, పది పాసైతే 6,000, ఇంటర్ లేదా ఐటీఐ అయితే 7,000, డిప్లొమాకు 8,000, డిగ్రీకి 9,000. రెండో ఏడాది దీని మీద 10 శాతం, మూడో ఏడాది 15 శాతం పెరుగుతుంది. ఇవి కనీస మొత్తాలు, ఇంతకంటే ఎక్కువ ఇవ్వడానికి ఏ కంపెనీకీ అడ్డు లేదు. ఈ మొత్తాలను 36 శాతం పెంచాలని కేంద్ర అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ 2025 మేలో సిఫారసు చేసింది. అందుకే మీరు చేరే రోజున పోర్టల్‌లో ఏ రేటు ఉందో చూసి, కాంట్రాక్టులో అంతకంటే తక్కువ లేదని చూసుకున్నాకే సంతకం పెట్టండి. కింద వేసిన లెక్కలన్నీ 2019 రేట్ల మీదే.

రెండు పథకాలు, రెండు జేబులు

స్టైఫండ్‌లో ప్రభుత్వం కొంత భరిస్తుంది. ఎంత భరిస్తుందనేది మీరు ఏ పథకం కింద చేరారన్న దాని మీద ఉంటుంది.

మొదటిది జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం, అందరూ నాప్స్ అంటారు. 2016లో మొదలైంది. కేంద్ర నైపుణ్యాభివృద్ధి శాఖది. ఐటీఐ వాళ్లు ఎక్కువగా దీని కిందకే వస్తారు. ఇందులో ప్రభుత్వ వాటా 25 శాతం, అదీ నెలకు 1,500 దాటకుండా. ఫిట్టర్ ట్రేడ్ ఐటీఐ చేసి ప్రైవేటు ఫ్యాక్టరీలో చేరారనుకోండి. 7,000లో 5,500 కంపెనీ ఇస్తుంది, 1,500 ప్రభుత్వం వేస్తుంది.

రెండోది జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం, అంటే నాట్స్. ఇది కేంద్ర విద్యాశాఖది. డిప్లొమా, ఇంజినీరింగ్ వాళ్లతో పాటు బీఏ, బీకాం, బీఎస్సీ చేసినవాళ్లకు కూడా వర్తిస్తుంది. దక్షిణాది రాష్ట్రాలకు దీన్ని చెన్నైలోని అప్రెంటిస్‌షిప్ శిక్షణ మండలి చూస్తుంది. ఇందులో ప్రభుత్వ వాటా కనీస స్టైఫండ్‌లో సగం. డిగ్రీ అయితే కంపెనీ 4,500, ప్రభుత్వం 4,500. డిప్లొమా అయితే చెరి 4,000.

ముందు ప్రభుత్వ వాటా కంపెనీకి తిరిగి వెళ్లేది. మొత్తం కంపెనీయే మీకిచ్చి, తర్వాత క్లెయిమ్ చేసుకునేది. నాప్స్‌లో 2023 నుంచి, నాట్స్‌లో 2024లో కొత్త పోర్టల్ వచ్చినప్పటి నుంచి ప్రభుత్వ వాటా నేరుగా అప్రెంటిస్ ఖాతాలోకే వేస్తున్నారు. "సగమే పడ్డాయి" అనే గొడవ మొదలైంది ఇక్కడే. మార్పు మంచిదే, కానీ చేరేటప్పుడు ఈ ముక్క పిల్లలకు విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ.

డబ్బు ఏ ఖాతాలో పడింది?

ఈ మధ్య ఒక తల్లి కూతురి పాసుబుక్ పట్టుకుని వచ్చింది. ఐదు నెలలుగా కంపెనీ వాటా ఠంచనుగా పడుతోంది, ప్రభుత్వ వాటా ఒక్క నెల కూడా లేదు. పోర్టల్‌లో చూస్తే చెల్లించినట్టే ఉంది. తీరా చూస్తే, అమ్మాయి ఇంటర్‌లో ఉన్నప్పుడు స్కాలర్‌షిప్ కోసం తెరిచిన ఖాతాలో డబ్బంతా కూర్చుని ఉంది!

ఎందుకంటే, ప్రభుత్వ వాటా ఆధార్ ఆధారంగా వస్తుంది. మీకు నాలుగు ఖాతాలున్నా, ఆధార్‌తో చివరిగా మ్యాప్ అయిన ఖాతాలోనే పడుతుంది. మీరు కంపెనీకి ఇచ్చిన ఖాతా నంబర్‌కూ దీనికీ సంబంధం లేకపోవచ్చు. మై ఆధార్ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి "బ్యాంక్ సీడింగ్ స్టేటస్" నొక్కితే ఏ బ్యాంకు మ్యాప్ అయిందో కనిపిస్తుంది. చేరకముందే చూసుకోండి. వేరే బ్యాంకు కావాలనుకుంటే ఆ బ్రాంచికి వెళ్లి ఆధార్ సీడింగ్ ఫారం ఇస్తే సరిపోతుంది. పదో తరగతి మెమోలో పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో కూడా చూడండి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉన్నా చిక్కొస్తుంది.

ఇంకో కారణం కూడా ఉంటుంది. కంపెనీ ప్రతి నెలా మీ హాజరు పోర్టల్‌లో ఎక్కించాలి, తన వాటా మీకు చెల్లించినట్టు చూపాలి. అది జరిగితేనే ప్రభుత్వ వాటా కదులుతుంది. కాబట్టి ఖాతా సరిగ్గానే ఉన్నా డబ్బు రాకపోతే, బ్యాంకు చుట్టూ తిరగకండి. కంపెనీ హెచ్‌ఆర్‌ను "నా హాజరు ఏ నెల వరకు అప్‌లోడ్ చేశారు?" అని అడగండి. కంపెనీ స్టైఫండ్‌కు గడువు తర్వాతి నెల పదో తారీఖు.

కాంట్రాక్టు నంబర్ లేకపోతే అప్రెంటిస్ కాదు

వీటన్నిటికీ ఆధారం పోర్టల్‌లో నమోదైన అప్రెంటిస్‌షిప్ కాంట్రాక్టు. కంపెనీ లెటర్‌హెడ్ మీద "ట్రైనీగా తీసుకుంటున్నాం" అని ఇచ్చిన కాగితం కాంట్రాక్టు కాదు. ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ కూడా కాదు. నంబర్ లేకపోతే ప్రభుత్వ వాటా రాదు, చివర్లో జాతీయ సర్టిఫికెట్ కూడా రాదు. మొదటి వారంలోనే నంబర్ అడిగి ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల తరఫున తల్లిదండ్రులు సంతకం చేయాలి.

అప్రెంటిస్ సీటుకు ఎవరికీ ఫీజు కట్టక్కర్లేదు. మధ్యలో ఉండే ఏజెన్సీలు తమ చార్జీ కంపెనీ దగ్గరే తీసుకుంటాయి. "రిజిస్ట్రేషన్‌కు రెండు వేలు" అన్నాడంటే అక్కడే ఆగిపోండి. సర్టిఫికెట్ల ఒరిజినల్స్ చూపించండి, అక్కడ వదిలి రాకండి.

కాలేజీ ఏం చేస్తుంది?

డిగ్రీ చదువుతూనే అప్రెంటిస్‌గా చేసే కోర్సులకు యూజీసీ 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. వీటిలో కాలేజీ, కంపెనీ ఒప్పందం చేసుకుంటాయి. మీరు కనీసం ఒక సెమిస్టర్ కంపెనీలో పనిచేస్తారు. స్టైఫండ్ ఇవ్వాల్సింది కాలేజీ కాదు, కంపెనీయే, దానికి ప్రభుత్వ వాటా తోడవుతుంది. కాలేజీ పని ఆ శిక్షణను క్రెడిట్లుగా మార్చి మార్కుల మెమోలో చూపడం, మధ్యమధ్యలో లెక్చరర్‌ను పంపి శిక్షణ ఎలా ఉందో చూడటం.

ఇలాంటి కోర్సులో చేరే ముందు ప్రిన్సిపాల్‌ను మూడు సంగతులు అడగండి. ఏ కంపెనీతో ఒప్పందం ఉంది, అది ఇంకా అమల్లో ఉందా, ఆ సెమిస్టర్‌కు ఎన్ని క్రెడిట్లు? "కంపెనీలు వస్తాయిలే, చేరు" అనే జవాబొస్తే ఇంకో కాలేజీ కూడా చూసుకోండి. డిగ్రీ మూడేళ్లు చిన్న కాలం కాదు కదా.

శిక్షణలో ఉండగా

చట్టం దృష్టిలో మీరు కార్మికులు కాదు, శిక్షణార్థులు. అందుకే పీఎఫ్, ఈఎస్ఐ ఉండవు. కానీ పనిలో ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత యజమానిదే. అప్రెంటిస్‌షిప్ సలహాదారు అనుమతి లేకుండా మీతో ఓవర్‌టైమ్ చేయించకూడదు. ట్రేడ్ నేర్పకుండా ఏడాదంతా లోడింగ్ పనే చేయిస్తుంటే అది కూడా ఫిర్యాదు చేయదగ్గ విషయమే.

శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇవ్వాలని కాంట్రాక్టులో రాసి ఉంటే తప్ప, కంపెనీ కచ్చితంగా ఇవ్వాలని లేదు. ఈ మాట ముందే తెలిసుండాలి. అలాగని సర్టిఫికెట్ ఊరికే పోదు. రైల్వే లెవెల్ 1 పోస్టుల్లో 20 శాతం, చట్టం కింద రైల్వేలో అప్రెంటిస్ పూర్తిచేసినవాళ్లకు కేటాయిస్తారు.

ఎవరికి చెప్పాలి?

ముందు కంపెనీకి రాతపూర్వకంగా, వాట్సాప్ కాదు, ఈమెయిల్ పెట్టండి. కదలకపోతే నాప్స్ వాళ్లు దగ్గర్లోని ప్రభుత్వ ఐటీఐ ప్రిన్సిపాల్‌ను కలవండి. అక్కడి నుంచి విషయం రాష్ట్ర ఉపాధి, శిక్షణ శాఖకు వెళ్తుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థలైతే హైదరాబాద్‌లోని కేంద్ర నైపుణ్యాభివృద్ధి ప్రాంతీయ కార్యాలయం చూస్తుంది. నాట్స్ వాళ్లు చెన్నై మండలికి పోర్టల్ ద్వారానే ఫిర్యాదు పెట్టొచ్చు. కాంట్రాక్టు మీద తగాదాను తేల్చేది అప్రెంటిస్‌షిప్ సలహాదారు. ఆ నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

వెళ్లేటప్పుడు కాంట్రాక్టు ప్రింటు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, సీడింగ్ స్టేటస్ పేజీ, కంపెనీకి పెట్టిన ఈమెయిల్ కాపీ తీసుకెళ్లండి. ఈ నాలుగూ ఉంటే రెండోసారి రమ్మనే పని సాధారణంగా ఉండదు.