అడ్డుకొన్నవారి చరిత్ర

అమీర్‌పేట పేరు చెప్పగానే నేటి విద్యార్థికి కంప్యూటర్ పాఠాలు స్మరణకు వచ్చును. గోడ కనబడకుండా కట్టిన ప్రకటన పలకలు, ఇరుకు మెట్లు, ఒక్కొక్క గదిలో క్రిక్కిరిసి కూర్చున్న పట్టభద్రులు, సందు చివర టీ కొట్టు, పైన మెట్రో రైలు - ఇదీ ఆ పేట స్వరూపం. జిల్లాల నుండి వచ్చిన పిల్లలు అక్కడా, ప్రక్కనున్న పంజాగుట్టలోనూ హాస్టళ్లలో తల దాచుకొని, నాలుగు నెలలో ఆరు నెలలో చదివి, వీలు చిక్కినప్పుడు అమెరికా విమానం ఎక్కుచున్నారు. అక్కడి విశ్వవిద్యాలయంలో అడుగు పెట్టిన మొదటి శరదృతువులోనే వారికొక వింత ఎదురగుచున్నది. శనివారం వచ్చెనంటే ఊరు ఊరంతా ఒకే రంగు చొక్కాలు తొడిగి కళాశాల క్రీడారంగానికి తరలిపోవును. దానిని వారు ఫుట్‌బాల్ అందురు. ఆటలో ఎక్కువ పని మాత్రం చేతులదే!

మన పిల్లలకు ఆ ఆటలో మొదట అర్థం కానిది రక్షకుని సంగతి. మన ఫుట్‌బాల్‌లో ఆ పదకొండు మందే ఎదిరింతురు, ఆ పదకొండు మందే కాచుకొందురు. అమెరికా ఆటలో అట్లు కాదు. బంతి తమ చేతికి వచ్చినప్పుడు ఒక పదకొండు మంది రంగంలోనికి దిగుదురు; బంతి ఎదుటివారి వశమైనప్పుడు వీరు పోయి వేరొక పదకొండు మంది వత్తురు. ఎదుటివారికి నాలుగు ప్రయత్నాలు ఇచ్చి, ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు సాగనీయకుండుటయే ఈ రెండవ దళం పని. ఆయుష్కాలమంతా ఆడి, ఒక్కసారి కూడా గెలుపు గీత దాటకుండగనే గొప్ప ఆటగాడనిపించుకొనవచ్చును.

భారత సంతతికి చెందిన బ్రాండన్ చిల్లర్ అట్టివాడే. తండ్రి భారతీయుడు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజెలిస్ జట్టులో లైన్‌బ్యాకర్‌గా, అనగా రక్షక దళపు నడుమ వరుసలో, ఆడినాడు. 2004లో వృత్తి జట్లు కళాశాల ఆటగాళ్లను వంతుల వారీగా ఏరుకొనే 'డ్రాఫ్టు'లో నాలుగవ వంతున సెయింట్ లూయిస్ రామ్స్ జట్టు అతనిని ఎన్నుకొన్నది. నాలుగేళ్ల తరువాత గ్రీన్ బే ప్యాకర్స్‌కు మారినాడు. ఆ జట్టు 2011 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచినది. కాని గాయం కారణంగా అతడా నాటి ఆటలో దిగలేదు. ఏడు సంవత్సరాల ఉద్యోగం. ఆ పిమ్మట విశ్రాంతి. అమెరికాలో రక్షకుని జీవితం తరచుగా ఇంతకంటె పొట్టి.

లెక్కలంటే ప్రాణం పెట్టే ఆ దేశంలో కూడా రక్షకుని పనికి చాలాకాలం సరియైన పద్దు లేదు. ఎదుటి జట్టు నాయకుడు బంతి విసరకమునుపే అతనిని నేల గూల్చుటను 'శాక్' అందురు. ప్రేక్షకులు లేచి కేకలు వేసే ఘట్టం అది. వృత్తి లీగు వారు దానిని ఆటగాని పేర అధికారికంగా లెక్కించుట 1982లో గాని మొదలు కాలేదు. అంతకు ముందటి తరాల రక్షకులు ఎన్ని కూల్చినారో అధికారపు పుస్తకాలలో లేదు.

మనవారి సంగతి చెప్పనే అక్కరలేదు. పంజాగుట్ట నుండి ఖైరతాబాదు మీదుగా సుమారు గంట నడచినచో ఫతే మైదానం వచ్చును. 1967 నుండి దాని పేరు లాల్ బహదూర్ స్టేడియం. అమెరికా రక్షకుల బ్రతుకులను ఆసక్తితో చదివే అమీర్‌పేట విద్యార్థులలో, ఈ నగరంలోనే దేశమంతటికీ బ్యాకులను పెంచి పంపిన ఒక పరంపర ఉండెనని ఎరిగినవారు బహుకొద్ది మంది.

ఆ పరంపరకు మూలపురుషుడు ఒక బడిపంతులు. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో జన్మించినాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టం పుచ్చుకొని, కాచిగూడ మిడిల్ స్కూలులోను, దారుల్ ఉలూం హైస్కూలులోను, చాదర్‌ఘాట్ హైస్కూలులోను పాఠాలు చెప్పినాడు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొందినాడు. 1943 నుండి 1963లో మరణించేదాకా హైదరాబాదు ఫుట్‌బాల్ వ్యవహారాలు ఆయన చేతిమీదుగనే నడచినవి. పిల్లలకు ఆయన పెట్టిన పోటీలు బడిపంతులుకు తప్ప మరొకరికి తోచవు. ఒక పోటీలో బంతిని కాళ్లతో త్రిప్పుకొంటూ పోరాదు, అందిన వెంటనే మరొకరికి అందించవలెను. వేరొక పోటీలో వాటం లేని కాలితోనే తన్నవలెను. కుడిచేతి వాటపు పిల్లవానిచే ఎడమచేత దస్తూరి దిద్దించుట వంటిది ఇది. ఆ పద్ధతిలో పెరిగిన బ్యాకు ఏ ప్రక్క నుండి బంతి వచ్చినను తడబడడు.

అమెరికా పిల్లవానికి కళాశాల ఎట్టిదో, హైదరాబాదు బస్తీ పిల్లవానికి పోలీసు శాఖ అట్టిది. 1939లో ఏర్పడిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టులో చోటు దొరికినచో కానిస్టేబులు ఉద్యోగం, నెల జీతం, ఇంటిలో రెండు పూటలా పొయ్యి వెలుగుననే భరోసా లభించును. డ్రాఫ్టులో పలికే లక్షల డాలర్లతో దీనిని పోల్చుట హాస్యాస్పదమే. అయినను ఆ జీతం రాళ్లే ఒక గొప్ప జట్టును నిలబెట్టినవి. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు హైదరాబాదుకే వచ్చినది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పును కూడ పోలీసులే తెచ్చుకొన్నారు.

ఆ జట్టు వెనుక వరుసలో నిలిచినవాడు సయ్యద్ ఖ్వాజా అజీజుద్దీన్. ఎడమ వైపు హాఫ్‌బ్యాక్ నూర్ మహమ్మద్. ఇద్దరూ 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌కు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు కూడ వెళ్లినవారే. వీరి కష్టం తెలియవలెనన్న ఆనాటి ఆట తీరు కొంత చెప్పుకొనవలెను.

1925లో ఆఫ్‌సైడు నిబంధన మారినది. బంతి అందుకొనేవానికీ గోలు గీతకూ మధ్య ఎదుటివారు ముగ్గురుండవలెనన్న పాత నియమం పోయి ఇద్దరు చాలునన్నారు. దానితో ఎదిరించేవారికి దారి సుళువైనది. ఇంగ్లండులో వెంటనే నడుమనున్న హాఫ్‌బ్యాకును వెనుకకు లాగి మూడవ బ్యాకుగా నిలిపినారు. మన దేశంలో మాత్రం చాలాకాలం ఇద్దరు బ్యాకుల పాత అమరికయే సాగినది. ముందు ఐదుగురు, నడుమ ముగ్గురు, వెనుక ఇద్దరు. ఎదుటివారు ముగ్గురు నలుగురు ఒక్కుమ్మడిగా వచ్చి పడినప్పుడు ఆ ఇద్దరి గతి ఏమి?

హెల్సింకీలో ఆ గతి లోకమంతా చూచినది. మనవారిలో పెక్కుమంది వట్టి కాళ్లతో దిగినారు. చలిగడ్డ నేల. ఎదుట యుగోస్లావియా. పది గోలులకు ఒకటిగా ఓడినాము. మరునాడు పత్రికలలో 'పది' అన్న అంకె తాటికాయంత అక్షరాలలో పడినది గాని, అంత దాడిని మోయుటకు వెనుక అజీజుద్దీన్, శైలేన్ మన్నా అనే ఇద్దరినే నిలిపిన అమరికను తప్పు పట్టినవారు అరుదు. బూట్లు తప్పనిసరి చేయుట ఆ ఓటమి నేర్పిన మొదటి పాఠం. అమరిక మార్చవలెనన్నది రెండవది. అది మెల్లమెల్లగా తలకెక్కినది.

నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో భారత జట్టుకు రహీం శిక్షకుడు. ఆస్ట్రేలియాను నాలుగు-రెండుగా ఓడించి మనవారు సెమీఫైనలు చేరినారు. నెవిల్ డిసౌజా ఆ ఆటలో మూడు గోలులు చేసినాడు. ఆ మాట నేటికీ ప్రశ్నపత్రాలలో అడుగుచుందురు. సెమీఫైనలులో మళ్లీ ఆ యుగోస్లావియాయే. ఈసారి మొదటి గోలు మనదే! చివరకు నాలుగు-ఒకటిగా ఓడినాము గాని, పదికీ నాలుగుకూ మధ్యనున్న ఆ ఆరు గోలులు ఎక్కడికి పోయినవి? బూట్లు, అమరిక, శిక్షణ - వీటితో పాటు అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ వంటివారి కాళ్లే ఆ ఆరింటినీ ఆపినవనుట న్యాయం. వాటికి పద్దు లేదు.

ఆ వరుసలో తరువాతి తరం వాడు సయ్యద్ నయీముద్దీన్. 1944లో హైదరాబాదులో జన్మించి, ఇక్కడి పోలీసు జట్టులోనే పైకి వచ్చినాడు. అప్పటికి రాష్ట్రం పేరు మారినందున పోలీసు జట్టు ఆంధ్రా పోలీసు అయినది. రహీం 1962లో జకార్తా ఆసియా క్రీడలలో రెండవ స్వర్ణం సాధించి, మరుసటి ఏడు జూన్‌లో క్యాన్సరుతో కన్నుమూసినాడు. పెద్దదిక్కు పోయిన నగరం నుండి ఆటగాళ్లు ఒక్కొక్కరుగా కలకత్తా దారి పట్టినారు. 1960వ దశకం నడుమ నయీముద్దీన్ ఈస్ట్ బెంగాల్‌లో చేరినాడు. తరువాత మోహన్ బగాన్, ఆ పిమ్మట మహమ్మడన్ స్పోర్టింగ్. కలకత్తాలో ఈ మూడు జట్ల పేర్లు మూడు మతాల వంటివి. ఒకదానిలో ఆడినవాడు మరొకదానికి పోయినచో వీధిలో తిరుగుట కష్టం. మూడింటా ఆడి, మూడింటా మన్నన పొందుట అల్పవిషయం కాదు.

నయీముద్దీన్ స్టాపరు, అనగా వెనుక వరుసకు నడిబొడ్డున నిలిచేవాడు. ప్రక్కల నున్న బ్యాకు పొరబడినచో సర్దుకొనుటకు స్టాపరుండును. స్టాపరు పొరబడినచో గోలు కాచేవాడు తప్ప దిక్కు లేదు. అందుచేత స్టాపరు తన కాళ్లతో ఆడినంత నోటితోను ఆడవలెను. ఎవరు ఎవరిని కాచవలెనో, వరుస ఎప్పుడు ముందుకు జరుగవలెనో అరచి చెప్పుచుండవలెను. జట్టు నాయకత్వం స్టాపరుకు తరచుగా దక్కుటకు కారణం ఇదే.

1970 డిసెంబరులో బాంకాక్ ఆసియా క్రీడలకు భారత జట్టు నాయకుడు నయీముద్దీనే. సెమీఫైనలులో బర్మా చేతిలో ఓడి, మూడవ స్థానానికి జపానుతో తలపడవలసి వచ్చినది. ఆ జపాను సామాన్యమైనది కాదు. రెండేళ్ల క్రిందటనే మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యపతకం గెలిచిన దేశం. మనవారు ఒక గోలు చేసినారు. చేసినవాడు మంజిత్ సింగ్. జపాను వారి పద్దులో సున్న. పతకం మనది. ఆ ఒక్క గోలుకు చరిత్రలో పేరున్నది. ఎదుటి సున్నను నిలబెట్టినవారి పేర్లు వెదకుకొనవలెను. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో 2023 వరకు భారత పురుషుల జట్టుకు మరొక పతకం రాలేదన్న సంగతి తలచుకొన్నప్పుడు ఆ సున్న విలువ తెలియును. ఆ సంవత్సరానికే ప్రభుత్వం నయీముద్దీన్‌కు అర్జున పురస్కారం ఇచ్చినది.

రక్షకుని బ్రతుకులో మోకాలిది ఒక ప్రత్యేకాధ్యాయం. గోలు చేసేవాడు తప్పించుకొని పోవుటకు చూచును. ఆపేవాడు అడ్డుపడి తీరవలెను. విరిగేది ఎక్కువగా వీని ఎముకయే. పంజాగుట్టలో నేడు నిమ్స్ అని పిలువబడే వైద్యశాల 1960వ దశకంలో నిజాం ధర్మనిధి సాయంతో ఎముకల ఆస్పత్రిగా ఆరంభమైనది. పోలీసుల ఐదేళ్ల రోవర్స్ విజయయాత్ర అంతకు సుమారు పదేళ్ల ముందే ముగిసినది. ఆ యాత్రలో కాలు విరుగగొట్టుకొన్న బ్యాకుకు నేడు అమెరికాలో దొరికే క్రీడావైద్యం ఊహకు కూడ అందనిది.

ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలుచుట 1965-66తో సరి. ఆటస్థలాలు భవనాలైనవి, బడులలో వ్యాయామ గంట లెక్కల గంటగా మారినది, పిల్లలు బ్యాటు పట్టినారు. ఎవరినని నిందింతుము? 2022లో హైదరాబాదు పేరు గల వృత్తి జట్టు ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినప్పుడు నగరానికి కొంత కదలిక వచ్చినది. మూడేళ్లకే ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయినది. 2024లో రహీం జీవితం మీద 'మైదాన్' అనే హిందీ చలనచిత్రం వచ్చిన తరువాత గాని మన విద్యార్థులలో పెక్కుమందికి ఆయన పేరు తెలియలేదు. అజీజుద్దీన్ పేరు ఇప్పటికీ తెలియదు. ఒక్క ఊరి బడులలో ఆ ఊరి ఆటగాళ్ల పేర్లు చెప్పుటకు పాఠ్యపుస్తకం మారవలసిన పని లేదు, ఉపాధ్యాయుడు తలచుకొన్న చాలును.

నయీముద్దీన్ ఆట చాలించిన తరువాత శిక్షకుడైనాడు. కఠినుడని పేరు. ఆలస్యంగా వచ్చిన ఆటగాడు ఎంతటివాడైనను క్షమించడని అందురు. 1990లో ఈస్ట్ బెంగాల్ ఆయన శిక్షణలో ఐ.ఎఫ్.ఎ. షీల్డు, డ్యూరాండ్ కప్పు, రోవర్స్ కప్పు మూడింటినీ ఒకే ఏట గెలిచినది. ఆ ఏటిదే ఆయనకు ద్రోణాచార్య పురస్కారం. ఢాకా నగరంలో బ్రదర్స్ యూనియన్ జట్టుకు కూడ శిక్షణ ఇచ్చినాడు. 1997లో ఖాట్మండులో భారత జట్టు దక్షిణాసియా పోటీ గెలిచినప్పుడు శిక్షకుడు ఆయనే. 2005 డిసెంబరులో కరాచీలో అదే పోటీ ఫైనలుకు భారత జట్టును మళ్లీ నడిపించుకొనిపోయినాడు. ఎదుట బంగ్లాదేశ్. ఢాకాలో చాలాకాలం మసలినవాడగుటచేత ఆ ఆటతీరు ఆయనకు క్రొత్త కాదు. ఆట ముగిసేసరికి భారతదేశం రెండు గోలులు, బంగ్లాదేశ్ సున్న.