ఇంటి షెడ్డులో విమానం

విమానాన్ని విడిభాగాలుగా కొని, ఇంటి దగ్గరే బిగించుకుని, అందులోనే ఎగరడానికి అమెరికా చట్టం అనుమతిస్తుంది. ఇలాంటి కిట్ విమానాల్లో బాగా పేరున్నవి ఆరెగాన్ రాష్ట్రంలోని అరోరాలో ఉన్న వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ ఆర్‌వీ రకాలు. రిచర్డ్ వ్యాన్‌గ్రన్స్‌వెన్ అనే ఇంజనీరు తనకోసం ఆర్‌వీ-3 అనే ఒంటి సీటు విమానం చేసుకుని 1971లో ఎగరేశాడు. రెండేళ్లకు అదే వ్యాపారమైంది. ఇప్పటికి 11,000కు పైగా ఆర్‌వీలు గాల్లోకి లేచాయి. వాటిలో చాలా భాగం కార్లు పెట్టుకునే గ్యారేజీల్లో తయారైనవే.

సొంతంగా విమానం కట్టుకోవడం దాదాపు విమానమంత పాతది. బ్రెజిల్‌కు చెందిన సాంటోస్-డ్యూమాంట్ వెదురు, గుడ్డలతో చేసిన డెమొయిసెల్ నమూనాను ఎవరైనా కట్టుకోవచ్చని వదిలేశాడు. దాని చిత్రపటాలను 1910లో ఒక అమెరికన్ పత్రిక అచ్చువేసింది. 1930లలో ఫ్రాన్స్‌లో హెన్రీ మిన్యే రూపొందించిన ‘ఎగిరే నల్లి’కి యూరప్ అంతా వెర్రెత్తింది. అయితే ముక్కు బాగా కిందికి వంగితే దాని ముందు, వెనుక రెక్కల మధ్య గాలి ప్రవాహం చిక్కుపడి, పైలట్ మళ్లీ పైకి లేపలేకపోయేవాడు. కొందరు చనిపోయారు. 1936 నాటికి ఫ్రాన్స్, బ్రిటన్‌లు దాన్ని ఎగరనివ్వడం మానేశాయి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ సరదా మళ్లీ చిగురించింది. 1953లో మిల్వాకీలో పాల్ పోబరెజ్నీ ఆధ్వర్యంలో ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ పుట్టింది. 1970 నుంచి ఏటా వేసవిలో ఆష్‌కాష్‌లో అది పెట్టే తిరునాళ్లకు వేల విమానాలు వస్తాయి. 1970లలో బర్ట్ రుటాన్ నురుగు దిమ్మలను కోసి, వాటిపై ఫైబర్‌గ్లాస్ గుడ్డ, రెసిన్ పరిచి విమానం చేసే పద్ధతి తెచ్చాడు. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లాబొరేటరీస్ 1980లలో కాంపోజిట్ విమానాల పని నేర్చుకున్నది అతని లాంగ్-ఈజీ డిజైన్ ఆధారంగా కట్టిన చిన్న విమానంతోనే.

రుటాన్ అమ్మింది పటాలనే, భాగాలను కాదు. పటాలు కొన్నవాడు ప్రతి ముక్కనూ తానే కోసుకోవాలి. ఇంకా కష్టమైన దారి సొంత డిజైన్. ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్ ఇంటి డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టి 2017లో రిజిస్ట్రేషన్ సంపాదించింది ఆ దారిలోనే. కిట్‌లోనైతే అల్యూమినియం రేకులు ముందే కత్తిరించి, రంధ్రాలు పొడిచి వస్తాయి. రంధ్రం రంధ్రానికి సరిపోయిందంటే ఆకారం సరిగా వచ్చినట్టే. ఒకప్పుడు రెక్క వంకర పోకుండా పెద్ద చట్రంలో బిగించి పనిచేయాల్సి వచ్చేది. కొత్త కిట్లలో ఆ బాధ చాలావరకు తప్పింది.

అలాగని కంపెనీయే అంతా చేసి ఇవ్వడానికి వీల్లేదు. తయారీ, బిగింపు పనుల్లో సగానికి పైగా భాగాన్ని చదువుకోసమో సరదాకోసమో ఔత్సాహికులే చేయాలన్నది అమెరికా నిబంధన. వాడుకలో దీన్ని 51 శాతం రూలు అంటారు. డబ్బిచ్చి చేయించిన పని ఈ లెక్కలోకి రాదు. ఇంజిన్, ప్రొపెల్లర్, చక్రాలు, మీటర్లు కొనుక్కోవచ్చు. అవి లెక్కకు బయట. ఈ షరతుకు బదులుగా దొరికే వెసులుబాటు పెద్దది. ఫ్యాక్టరీ విమానాలకు కావలసిన ఖరీదైన టైప్ సర్టిఫికెట్ దీనికి అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ కాగితాల్లో తయారీదారు అన్నచోట కట్టినవాడి పేరే ఉంటుంది.

పని మామూలుగా తోకతో మొదలవుతుంది. చిన్నది, చవక, చేయి తిరగడానికి పనికొస్తుంది. విసుగు పుట్టి మానేసినా నష్టం తక్కువ, నిజానికి చాలామంది మానేస్తారు కూడా. తర్వాత రెక్కలు, ఆపైన బాడీ. రేకులను ముందు క్లీకోలనే స్ప్రింగు పిన్నులతో తాత్కాలికంగా కలుపుతారు. రంధ్రాలను సరైన కొలతకు తొలిచి, మళ్లీ విప్పి, ప్రతి రంధ్రం అంచునా లేచిన పదునును గీకేస్తారు. ఆ పదును వదిలేస్తే పగులు అక్కడే మొదలవుతుంది. రివెట్ తల రేకుతో సమంగా కూర్చోవాల్సిన చోట రంధ్రం చుట్టూ చిన్న గుంట నొక్కుతారు. తుప్పు పట్టకుండా ప్రైమర్ పూస్తారు. అప్పుడు గానీ రివెట్ కొట్టే పని రాదు. ఒకరు గాలి తుపాకీతో తల మీద కొడుతుంటే, మరొకరు అవతలి వైపు ఉక్కు దిమ్మ ఆనించి పట్టుకుంటారు. ఎన్నో ఇళ్లలో ఆ రెండో చేయి భార్యదో భర్తదో. అవతల నలిగిన కొస వెడల్పు రివెట్ మందానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం ఉండాలి. తేడా వస్తే తొలిచి తీసి మళ్లీ కొట్టాలి, తీసేటప్పుడు రంధ్రం పెద్దదైతే అది ఇంకో తలనొప్పి. ఇలాంటి రివెట్లు వేలల్లో ఉంటాయి. రెండు సీట్ల విమానానికి 1,500 నుంచి 2,000 గంటలు పడుతుందని అంచనా. సాయంత్రాలు, సెలవులే దొరికేవారికి అది ఏళ్ల మాట.

రంధ్రం అంచు ఎంత ముఖ్యమో వ్యాన్స్ కంపెనీ అనుభవమే చెబుతుంది. గిరాకీ పెరిగి, కొన్ని భాగాలకు రంధ్రాలను పొడవడం మాని లేజర్‌తో కోయించారు. గుంట నొక్కేసరికి కొన్నింటి అంచుల్లో పగుళ్లు కనిపించాయి. భాగాలు మార్చివ్వాల్సిన భారానికి పెరిగిన ఖర్చులు తోడై, 2023 డిసెంబరులో కంపెనీ కోర్టు ద్వారా దివాలా రక్షణ కోరింది. 2024లో దాని నుంచి బయటపడింది.

కిట్ ధర చూసి లెక్క వేసుకున్నవారు తర్వాత తెల్లబోతారు. ఇంజిన్, ప్రొపెల్లర్, కాక్‌పిట్ పరికరాలు, రంగు కలిస్తే ఖర్చు కిట్ ధరను దాటిపోతుంది. తేలికపాటి విమానాలకు 100 హార్స్‌పవర్ రోటాక్స్, పెద్దవాటికి 160, 180 హార్స్‌పవర్ లైకమింగ్ ఇంజిన్లు వాడుక. బిగింపు అయ్యాక మూడు చక్రాల కింద మూడు తూకాలు పెట్టి బరువు, గురుత్వ కేంద్రం లెక్కగడతారు.

తర్వాత ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ తరఫు ఇన్‌స్పెక్టర్ వస్తాడు. విమానాన్ని, దానితోపాటు కట్టినవాడు రాసుకున్న పని పుస్తకాన్ని, ఫొటోలను చూస్తాడు. మూసేసిన రెక్క లోపల ఏముందో అతనికి కనిపించదు. అందుకే మూసేముందే అనుభవజ్ఞులను పిలిచి చూపించుకోవడం మంచిది. ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ వాలంటీర్లు ఈ సాయం చేస్తారు. బ్రిటన్ పద్ధతి ఇంతకంటే మేలు. అక్కడ లైట్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఇన్‌స్పెక్టర్లు దశదశలోనూ తనిఖీ చేయాల్సిందే.

అనుమతి వచ్చినా వెంటనే కుటుంబాన్ని ఎక్కించుకోవడం కుదరదు. ఇంజిన్, ప్రొపెల్లర్‌ల జోడీ ధ్రువీకృతమైతే 25 గంటలు, కాకపోతే 40 గంటలు జనం తక్కువగా ఉన్న ప్రాంతం మీద పరీక్షగా ఎగరాలి. గంటలకు బదులు నిర్ణీత పరీక్షలన్నీ పూర్తిచేసే పద్ధతి కూడా ఈమధ్య వచ్చింది. ఆ తర్వాతైనా డబ్బు తీసుకుని ప్రయాణికులను తిప్పకూడదు.

ప్రమాదం మాట దాచాల్సింది కాదు. 2011లో అమెరికాలోని చిన్న విమానాల్లో ఇంటి తయారీవి సుమారు పదో వంతు. ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో మాత్రం వాటి వాటా 21 శాతం. గాయకుడు జాన్ డెన్వర్ 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియా తీరంలో సముద్రంలో కూలి చనిపోయింది ఇంకొకరు కట్టిన లాంగ్-ఈజీలోనే. రుటాన్ పటంలో పెట్రోలు ట్యాంకు మార్చే వాల్వు పైలట్ కాళ్ల మధ్య ఉంటుంది. కట్టినవాడు ఇంధన గొట్టాలు కాక్‌పిట్‌లోకి రాకూడదని దాన్ని ఎడమ భుజం వెనక్కు మార్చాడు. ఆలోచన సబబుగానే కనిపిస్తుంది. కానీ దాన్ని తిప్పాలంటే పైలట్ నడుము మెలితిప్పాలి, అలా తిప్పేటప్పుడు కుడికాలు చుక్కాని పెడల్‌ను నొక్కుతుంది. డెన్వర్ ఆ విమానాన్ని ముందురోజే తీసుకున్నాడు.

చేతులు మారిన ఇంటి విమానాల సమస్య ఇదే: ఎక్కడ ఏం మార్చారో కట్టినవాడికి తెలిసినట్టు కొన్నవాడికి తెలియదు. చట్టం కూడా ఇద్దరినీ వేరుగానే చూస్తుంది. కట్టినవాడు ఆ ఒక్క విమానానికి రిపేర్‌మ్యాన్ సర్టిఫికెట్ పొంది, ఏటా జరగాల్సిన తనిఖీని తానే చేసి సంతకం పెట్టవచ్చు. విమానం అమ్మేసినా ఆ సర్టిఫికెట్ కొన్నవాడికి బదిలీ కాదు. కొన్నవాడు చిన్నాపెద్దా మరమ్మతులు చేసుకోవచ్చు గానీ, ఏటా తనిఖీ సంతకానికి మాత్రం లైసెన్సున్న మెకానిక్ దగ్గరకో, మొదట కట్టినవాడి దగ్గరకో వెళ్లడం మామూలు.