ఏఐ కోడింగ్ సహాయకుడికి ప్రాజెక్టు పరిచయం

ఏఐ కోడింగ్ సహాయకుడి వెనక ఉండే పెద్ద భాషా నమూనాకు నిన్నటి సంభాషణ తనంతట తానుగా గుర్తుండదు. శిక్షణలో స్థిరపడిన దాని పరామితులు వాడుకలో మారవు. ఎదుట ఉన్న పాఠ్యాన్ని చూసే అది జవాబు తయారు చేస్తుంది. ఆ పాఠ్యం పట్టే చోటే కాంటెక్స్ట్ విండో. కొత్త సెషన్ తెరిచినప్పుడు అది ఖాళీ అవుతుంది, అంతకుముందు చెప్పిన నియమాలూ దానితోనే పోతాయి.

ఈ లోటు తీర్చే ఉపాయం చాలా సాదాది: ప్రాజెక్టు ఫోల్డరులో ఒక టెక్స్ట్ ఫైలు. 2025లో ఆంత్రోపిక్ విడుదల చేసిన క్లాడ్ కోడ్ అనే కోడింగ్ టూలు, 'క్లాడ్ డాట్ ఎండీ' అనే ఫైలును సెషన్ మొదట్లోనే చదువుకుంటుంది. గిట్‌హబ్ కోపైలట్‌కూ కర్సర్‌కూ వేరే పేర్లతో ఇలాంటివే ఉన్నాయి. టూలుకొక ఫైలు రాసే శ్రమ తప్పించేందుకు 'ఏజెంట్స్ డాట్ ఎండీ' అనే ఉమ్మడి పేరు అదే ఏడాది వాడుకలోకి వచ్చింది. కోడ్‌తోపాటు గిట్‌లో ఉంచితే టీమంతటికీ ఒకే ఫైలు అందుతుంది.

కోడ్ చదివి తెలుసుకోలేని సంగతులే ఇందులో రాయదగ్గవి. 'శుభ్రమైన కోడ్ రాయాలి' అన్న వాక్యం వల్ల ఒరిగేది ఏమీ లేదు. ఒక బిల్లింగ్ ప్రాజెక్టునే తీసుకుంటే, 'ధరలన్నీ పైసల్లో, పూర్ణాంకాలుగానే ఉంచాలి. ఫ్లోట్ వాడకూడదు' అన్నది పనికొచ్చే నియమం. దానికి కారణం కూడా జోడించాలి: ద్విసంఖ్యామానంలో 0.1 కచ్చితంగా ఇమడదు, అందుకే చాలా భాషల్లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. కారణం తెలిస్తే డిస్కౌంటు, పన్ను లెక్కల్లోనూ సహాయకుడు అదే జాగ్రత్త పాటించే అవకాశం పెరుగుతుంది. టెస్టులు నడిపే కమాండ్, చేత్తో మార్చకూడని ఫోల్డర్ల పేర్లు కూడా ఇక్కడే ఉండాలి. పాస్‌వర్డులు, రహస్య కీలు మాత్రం ఎన్నడూ ఉండకూడదు.

ఫైలు ఎంత పెరిగితే కాంటెక్స్ట్‌లో అంత చోటు తింటుంది. నియమాల గుంపులో ముఖ్యమైనవి మరుగున పడతాయి. పైగా ఇవి సూచనలే, నమూనా వాటిని ఒక్కోసారి దాటేస్తుంది. తప్పనిసరిగా జరగాల్సిన పనిని లింటర్‌కో, ఆటోమేటిక్ టెస్టుకో, అనుమతుల సెట్టింగుకో అప్పగించడమే సరైన పద్ధతి.

అన్నిటికన్నా ప్రమాదం పాతబడిన ఫైలు. అందులోని తప్పును సహాయకుడు నిజమనే నమ్మి పనిచేస్తాడు. అందుకే టెస్టు కమాండ్ మారితే, అదే కమిట్‌లో ఈ ఫైలులోని వాక్యాన్నీ మార్చాలి.