‘ది ఆఫీస్’లో అతుకుల బొంత!

నవ్వించే సీరియల్ ఒక వారం నవ్వించకపోతే కొంపలేం మునగవు. కానీ నవ్వుకి నవ్వూ, గుండెదడకి గుండెదడా రెండూ ఉన్న కథ చేతికొచ్చాక దాన్ని జారవిడుచుకుంటే? ప్రేక్షకుడికి ఒళ్ళు మండదూ! అమెరికన్ టి.వి. సీరియల్ ‘ది ఆఫీస్’ అభిమానులకి 2010 జనవరి 21న జరిగింది అదే. ఆ రాత్రి ఎన్.బి.సి.లో వచ్చిన ఎపిసోడ్ పేరు ‘ది బ్యాంకర్’.

సీరియల్ చూడనివారి కోసం నాలుగు ముక్కలు. పెన్సిల్వేనియా రాష్ట్రంలో స్క్రాంటన్ అనే ఊరు. అక్కడ డండర్ మిఫ్లిన్ అనే కాగితాల కంపెనీకి ఓ బ్రాంచి. మేనేజరు మైకేల్ స్కాట్ (స్టీవ్ కారెల్). తనంత మంచి బాస్ లోకంలో లేడని ఆయనగారి గట్టి నమ్మకం! ఆయన నోరు విప్పితే చాలు, స్టాఫంతా తలలు పట్టుకుంటారు. ఈ ఆఫీసు మీద ఎవరో డాక్యుమెంటరీ తీస్తున్నట్టుగా కథ నడుస్తుంది. 2005 మార్చి 24న మొదలై 2013 మే 16న ముగిసేసరికి 9 సీజన్లు, 201 ఎపిసోడ్లు అయ్యాయి.

కథ బాగానే మొదలైంది!

కంపెనీ పరిస్థితి దివాలా దాకా వచ్చింది. కొనే పార్టీ ఒకటి తయారైంది. బ్రాంచి ఎలా ఉందో, గొడవలేమన్నా ఉన్నాయో ఆరా తీయడానికి ఓ బ్యాంకర్ (డేవిడ్ కాస్టబైల్) దిగాడు. ఇంతకంటే మంచి సందర్భం ఏ రచయితకి దొరుకుతుంది చెప్పండి? ఒక్క మాట తప్పితే ఎవరి ఉద్యోగం ఉంటుందో, ఎవరిది ఊడుతుందో తెలీదు. ఆ మాట తప్పడానికి మైకేల్ సిద్ధంగా ఉండనే ఉన్నాడు!

పైగా అప్పటి రోజులెలాంటివి? 2008లో మొదలైన ఆర్థిక సంక్షోభం దెబ్బకి 2009 అక్టోబరులో అమెరికాలో నిరుద్యోగం 10 శాతానికి చేరింది. టి.వి. ముందు కూర్చున్నవాళ్ళలో ఎంతమందికి ఆ భయం సొంత అనుభవమో! ఆ భయాన్ని నవ్వుగా మార్చి ఉంటే అదొక గొప్ప ఎపిసోడయ్యేది.

కానీ ఏం చేశారు? బ్యాంకర్ ఓ ప్రశ్న అడుగుతాడు. టోబీ జవాబు చెప్పబోతాడు. టక్కున పాత దృశ్యాలు! మరో ప్రశ్న... మళ్ళీ పాత దృశ్యాలే! జిమ్, పామ్‌ల ప్రేమా పాతదే, మైకేల్ చేష్టలూ పాతవే. కొత్తగా తీసింది కొంచెమే. అందులో డ్వైట్ గొంతు మార్చి కంప్యూటర్‌లా మాట్లాడే ఘట్టం మాత్రం నిజంగానే నవ్విస్తుంది. మరి అలాంటివి ఇంకా నాలుగు రాయడానికి ఏమొచ్చింది?

ఎందుకిలా చేస్తారు?

దీన్నే క్లిప్ షో అంటారు. కొత్తగా తీయాల్సింది తక్కువ, కాబట్టి ఖర్చూ తక్కువ, శ్రమా తక్కువ. ఆ 6వ సీజన్ ఒక్కదానికే 26 ఎపిసోడ్లు కావలసివచ్చాయి మరి! దీనికి మాతృక అయిన బ్రిటిష్ ‘ఆఫీస్’ని రికీ జెర్వైస్, స్టీఫెన్ మర్చంట్ క్రిస్మస్ ప్రత్యేక భాగాలతో కలిపి 14 ఎపిసోడ్లలో ముగించేశారు. అమెరికాలో ఒక్క ఏడాది పని, అక్కడ మొత్తం జీవితకాలపు పనికి దాదాపు రెట్టింపన్నమాట!

ఇంట్లో వీడియో లేని రోజుల్లో క్లిప్ షో అంటే ప్రేక్షకుడికి పండగే. ఎప్పుడో చూసి మరిచిపోయిన దృశ్యం మళ్ళీ చూడాలంటే అదొక్కటే దారి. 2010 నాటికి ఆ అవసరం ఎక్కడుంది? అభిమానుల అలమరల్లో డి.వి.డి.లు నిండుగా ఉన్నాయి.

అసలు నష్టం ఇంకొకటుంది. ‘ఆఫీస్’ హాస్యం జోకుల హాస్యం కాదు, సందర్భాల హాస్యం. 2006లో వచ్చిన ‘ది ఇంజురీ’ చూడండి. మైకేల్ మంచం పక్కన పెట్టుకున్న గ్రిల్లు మీద కాలేసి కాల్చుకుంటాడు. సాయం చేయడానికని బయల్దేరిన డ్వైట్ కారు గుద్దేస్తాడు, తలకి దెబ్బ తగులుతుంది. నిజంగా దెబ్బ తగిలినవాణ్ణి వదిలేసి తన కాలికే అందరూ జాలిపడాలని మైకేల్ రోజంతా సతాయిస్తాడు. నవ్వంతా ఆ ‘రోజంతా’లో ఉంది. కాలికి కట్టుతో ఉన్న ముక్క ఒక్కటి కత్తిరించి చూపిస్తే మిగిలేదేమిటి? కట్టు కట్టిన ఓ కాలు!

ఈ తప్పు మళ్ళీ చేయలేదు. 201 ఎపిసోడ్లలో ఇలాంటి క్లిప్ షో ఇదొక్కటే. రెండు వారాలు తిరిగేసరికి, ఫిబ్రవరి 4న ‘సేబర్’ ఎపిసోడ్‌తో కొత్త యజమానులొచ్చారు. ఆ వెనకే ఆస్కార్ నటి క్యాతీ బేట్స్ పెద్ద బాస్‌గా అడుగుపెట్టేసరికి కథ మళ్ళీ పట్టాలెక్కింది.

మీరు ఈ సీరియల్ కొత్తగా చూడబోతున్నారా? ముందు ఎపిసోడ్ నుంచి నేరుగా ‘సేబర్’కి దూకేయండి. కథలో వెలితేమీ కనబడదు. ఎవరి ఉద్యోగం ఊడుతుందోనని అందరూ హడలిపోవలసిన కథలో, ఊడిపోయినా ఎవరికీ తెలియనిది ఆ ఎపిసోడే!