ల్యాప్‌టాప్ స్క్రీన్: అంగుళాలు చూసి సరిపెట్టుకోకండి, ఈ మూడు విషయాలు అడగండి

ఇంట్లో అమ్మాయికో అబ్బాయికో డిగ్రీలో, బీటెక్‌లో సీటు వచ్చిందంటే వెంటనే వచ్చిపడే ఖర్చుల్లో ల్యాప్‌టాప్ ఒకటి. షాపుకి వెళ్లినవాళ్లు ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత, స్టోరేజ్ ఎంత అని గట్టిగానే అడుగుతారు. స్క్రీన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "పెద్దదేనా?" అన్న ఒక్క ప్రశ్నతో ఆగిపోతారు. ర్యామ్, స్టోరేజ్ చాలా మోడల్స్‌లో తర్వాత పెంచుకోవచ్చు. స్క్రీన్ అలా కాదు. కొన్న రోజు ఏది వచ్చిందో నాలుగైదేళ్లు దాన్నే చూస్తూ కూర్చోవాలి. తక్కువ ధర మోడల్స్‌లో కంపెనీలు ఖర్చు తగ్గించుకునేది కూడా చాలాసార్లు ఇక్కడే.

స్క్రీన్ గురించి తెలుసుకోవాల్సినవి మూడే: సైజు, ఆకారం, రిజల్యూషన్. ఈ మూడూ కలిపి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

అంగుళాలు దేన్ని కొలుస్తాయి?

15.6 అంగుళాలు అంటే స్క్రీన్ వెడల్పు కాదు, ఎత్తు కూడా కాదు. ఒక మూల నుంచి ఎదురు మూలకి ఐమూలగా కొలిచిన పొడవు అది. అందుకే ఆ అంకె ఒక్కటే చూస్తే ఎంత జాగా దొరుకుతుందో తెలియదు.

ఒక లెక్క చూడండి. పాత రోజుల్లో 15 అంగుళాల ల్యాప్‌టాప్‌లు దాదాపు చదరంగా ఉండేవి. వాటి వెడల్పు 12 అంగుళాలు, ఎత్తు 9 అంగుళాలు. అంటే 108 చదరపు అంగుళాల జాగా. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడుపోయే 15.6 అంగుళాల వెడల్పు స్క్రీన్ తీసుకుంటే, వెడల్పు సుమారు 13.6, ఎత్తు 7.65 అంగుళాలు. మొత్తం 104 చదరపు అంగుళాలు మాత్రమే. అంకె పెరిగింది, జాగా తగ్గింది! కారణం ఆకారం.

16:9, 16:10 అంటే ఏంటి?

వెడల్పుకీ ఎత్తుకీ ఉండే నిష్పత్తి ఇది. 16:9 అంటే వెడల్పు 16 భాగాలైతే ఎత్తు 9 భాగాలు. టీవీల ఆకారం ఇదే. 2000ల చివర్లో ల్యాప్‌టాప్ కంపెనీలు కూడా ఎక్కువగా ఈ దారే పట్టాయి. వీడియోలకి ఇది బాగా నప్పుతుంది, స్క్రీన్ నిండుగా బొమ్మ వస్తుంది. కానీ చదువుకునేవాళ్లకీ రాసుకునేవాళ్లకీ కావాల్సింది వెడల్పు కన్నా ఎత్తు. నోట్స్, పీడీఎఫ్, వెబ్‌సైట్, లెక్కల షీటు అన్నీ పై నుంచి కిందకే సాగుతాయి.

ఏ4 కాగితం ఎత్తు 11.7 అంగుళాలు. 15.6 అంగుళాల 16:9 స్క్రీన్ మీద ఆ పేజీని అసలు సైజులో తెరిస్తే మూడింట రెండొంతులు కూడా కనపడదు. బ్రౌజర్ పైపట్టీ, కింద టాస్క్‌బార్ పోగా మిగిలేది ఇంకా తక్కువ. అందుకే కొన్నేళ్లుగా 16:10 మళ్లీ వాడకంలోకి వచ్చింది. 14 అంగుళాల 16:9 స్క్రీన్ ఎత్తు సుమారు 6.9 అంగుళాలైతే, అదే 14 అంగుళాలు 16:10లో 7.4 ఉంటుంది. అర అంగుళం తేడా వినడానికి చిన్నదే. కానీ ఎక్సెల్ షీటులో నాలుగైదు వరుసలు ఎక్కువ కనిపిస్తాయి. సినిమా చూసేటప్పుడు పైనా కిందా సన్నటి నల్ల పట్టీలు వస్తాయి, అంతే. యాపిల్ మ్యాక్‌బుక్‌లు ముందు నుంచీ ఎక్కువగా 16:10 చుట్టుపక్కలే ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ ల్యాప్‌టాప్‌లు ఇంకా ఎత్తుగా, 3:2లో వస్తాయి.

రిజల్యూషన్: చుక్కల లెక్క

స్క్రీన్ మీద కనిపించే ప్రతి అక్షరం, ప్రతి బొమ్మ చిన్న చిన్న చుక్కలతో తయారవుతుంది. వాటినే పిక్సెల్స్ అంటారు. 1366 × 768 అంటే అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు, మొత్తం సుమారు పదిన్నర లక్షలు. 1920 × 1080లో అవి 20 లక్షలు దాటుతాయి. 1920 × 1200లో 23 లక్షలు. 3840 × 2160, అంటే 4కేలో, దాదాపు 83 లక్షలు.

అసలు చూడాల్సింది ఒక్కో అంగుళంలో ఎన్ని చుక్కలు పడుతున్నాయన్నది. 15.6 అంగుళాల స్క్రీన్ 1366 × 768 అయితే అంగుళానికి సుమారు 100 చుక్కలు. అదే సైజులో 1920 × 1080 అయితే 141. 14 అంగుళాల్లో అయితే 157. మామూలు చూపున్న మనిషి రెండడుగుల దూరం నుంచి చూస్తే, అంగుళానికి 140 చుక్కలు దాటాక విడివిడిగా గుర్తుపట్టడం కష్టం. 100 దగ్గర మాత్రం అక్షరాల అంచులు రంపపు పళ్లలా కనిపిస్తాయి. కాబట్టి 15.6 అంగుళాల్లో 1920 × 1080 లేకుండా కొనకూడదు. మామూలు చదువుకీ ఆఫీసు పనికీ అదే సైజులో 4కే కోసం అదనంగా డబ్బు పెట్టాల్సిన అవసరం కూడా లేదు. 4కే స్క్రీన్ బ్యాటరీని కూడా ఎక్కువ తాగుతుంది.

ఉర్దూ, తెలుగు చదివేవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం

ఇంగ్లీషు అక్షరాలు కాస్త గరుకుగా ఉన్నా చదివేయొచ్చు. నస్తాలీక్‌లో రాసిన ఉర్దూ అలా కాదు. మాట కుడివైపు పై నుంచి ఎడమవైపు కిందకి వాలుగా దిగుతుంది. అక్షరాల పైనా కిందా చుక్కలు ఉంటాయి. ఒక చుక్క సరిగ్గా కనపడకపోతే 'బే' ఏదో 'పే' ఏదో తేలదు. తెలుగులో కూడా వత్తులు, గుడి, దీర్ఘం లాంటి సన్నటి గీతలే అర్థాన్ని మార్చేస్తాయి. ఈ రెండు లిపులకీ వరుసల మధ్య ఎక్కువ ఎత్తు కావాలి. కాబట్టి ఇంట్లో ఉర్దూ వార్తలు చదివే పెద్దవాళ్లున్నా, ఇన్‌పేజ్‌లో టైపింగ్ పని చేసేవాళ్లున్నా చుక్కలు ఎక్కువున్న స్క్రీన్, వీలైతే 16:10, తీసుకోవడం మంచిది.

'హెచ్‌డీ' అన్న మాట దగ్గర జాగ్రత్త

పేరు గొప్పగా ఉంటుంది గానీ, ల్యాప్‌టాప్ పెట్టె మీద ఉత్త 'హెచ్‌డీ' అని ఉంటే సాధారణంగా అది 1366 × 768. ఇప్పుడు దొరికే వాటిలో కింది మెట్టు అదే. 'హెచ్‌డీ ప్లస్' అంటే 1600 × 900. 'ఫుల్ హెచ్‌డీ' లేదా 'ఎఫ్‌హెచ్‌డీ' అంటే 1920 × 1080. 'డబ్ల్యూయూఎక్స్‌జీఏ' అని రాస్తే 1920 × 1200. '4కే సపోర్ట్' అని కనిపిస్తే ఇంకా జాగ్రత్త. చాలాసార్లు అది బయట టీవీకి కేబుల్ పెడితే వచ్చే సంగతి, ల్యాప్‌టాప్ స్క్రీన్ సంగతి కాదు.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఇది తప్పకుండా చూడాలి. ఆఫీసులు వాడి వదిలేసిన పాత మోడల్స్ చాలావాటిలో ఒకే పేరుతో రెండు మూడు రకాల స్క్రీన్లు వచ్చాయి. దుబాయ్ నుంచో జెద్దా నుంచో బంధువులతో తెప్పించుకునేవాళ్లు కూడా మోడల్ పేరు చెప్పి ఊరుకోకుండా పూర్తి మోడల్ నంబర్, రిజల్యూషన్ రాసి పంపాలి. ఆ వారంటీ ఇండియాలో చెల్లుతుందో లేదో కూడా ముందే కనుక్కోవాలి.

అక్షరాలు మరీ చిన్నగా ఉన్నాయా?

రిజల్యూషన్ పెరిగితే అక్షరాలు చిన్నవైపోతాయని కొందరు దాన్ని తగ్గించేస్తారు. అలా చేస్తే అక్షరం పెద్దదవుతుంది గానీ మసకబారుతుంది, పెట్టిన డబ్బు వృథా. రిజల్యూషన్‌ని 'రికమెండెడ్' అని చూపించే దగ్గరే ఉంచి, దాని పక్కనే ఉండే 'స్కేల్'ని 125 లేదా 150 శాతానికి పెంచాలి. అప్పుడు అక్షరం పెద్దగానూ ఉంటుంది, నునుపుగానూ ఉంటుంది. ఎంత మంచి స్క్రీనైనా ప్రతి 20 నిమిషాలకి ఒకసారి, 20 సెకన్లపాటు, 20 అడుగుల దూరంలోని వస్తువు వైపు చూడటం పిల్లలకి అలవాటు చేయాలి.

ఎవరికి ఏది?

రోజూ బస్సులో కాలేజీకి మోసుకెళ్లే పిల్లలకి 14 అంగుళాలు, 1920 × 1200 చక్కగా సరిపోతుంది. అది బడ్జెట్‌లో దొరక్కపోతే 1920 × 1080. ఇంట్లో టేబుల్ మీదే ఉండేదైతే, అబ్బా దుకాణం లెక్కలు కూడా అందులోనే చూసుకుంటారనుకుంటే 15.6 లేదా 16 అంగుళాలు మేలు. ఫొటో, డిజైన్ పనులు నేర్చుకునేవాళ్లు మాత్రమే 2.8కే లాంటి పై రకాల గురించి ఆలోచించాలి.

డబ్బు కట్టే ముందు

* డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ కొట్టి 'డిస్‌ప్లే సెట్టింగ్స్' తెరవండి. 'రికమెండెడ్' పక్కన ఉన్న అంకెలు బిల్లులో రాసిన వాటితో సరిపోయాయా చూడండి.
* ఒక ఉర్దూ పేజీ, ఒక తెలుగు పేజీ తెరిచి రెండడుగుల దూరం నుంచి చదవండి. చదవలేకపోతే వద్దనండి.
* పక్క నుంచి, పై నుంచి కూడా చూడండి. రంగులు మారిపోతే అది చవక రకం ప్యానెల్. గల్ఫ్‌లో ఉన్నవాళ్లతో వీడియో కాల్‌కి ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చున్నప్పుడు పక్కవాళ్లకి మొహాలు సరిగ్గా కనపడవు.
* వీలైతే కిటికీ దగ్గర, వెలుతురులో పెట్టి చూడండి. షాపు లోపల మెరిసిన స్క్రీన్ ఎండ వెలుగులో వెలవెలబోవచ్చు.

ఇదంతా చూడటానికి పది నిమిషాలు చాలు. ప్రాసెసర్ ఒక మెట్టు తక్కువైతే పని కాస్త నెమ్మదిస్తుంది, అంతే. అదే స్క్రీన్ బాగోకపోతే ఆ ఇబ్బంది చదువుకునే పిల్లల కళ్లకి. బడ్జెట్ ఇరుకుగా ఉంటే రాజీ ఎక్కడ పడాలో దీన్నిబట్టే నిర్ణయించుకోండి.