ట్రాక్టరును రెండుగా విడదీయుట

లారీనుండి ఇంజనునో గేర్‌బాక్సునో బయటికి తీసినను తక్కిన బండి కదలక నిలిచియే యుండును. బరువునంతను మోయు ఉక్కు చట్రము దానికి వేరుగా నుండుటయే ఇందులకు కారణము. పాత ట్రాక్టరు సంగతి వేరు. దాని క్లచ్ పళ్లెమును మార్చవలెనన్నను, గేర్‌బాక్సులో అరిగిన పళ్లచక్రమును తీయవలెనన్నను, సాధారణముగా బండినే నడుమకు రెండుగా విడదీయవలసివచ్చును. ఈ పనిలో ఇమిడియున్న సూత్రములు హైస్కూలు పాఠములలోనివే. వానిని మరచినచో వందల కిలోల ఇనుము మనిషిమీద ఒరుగగలదు.

శరీరమే చట్రము

తొలినాటి ట్రాక్టర్లలో అనేకములకు ఉక్కు దూలములతో కట్టిన చట్రముండెడిది. 1917లో హెన్రీ ఫోర్డు తయారుచేయనారంభించిన ఫోర్డుసన్ ట్రాక్టరులో దీనిని తొలగించిరి. ఇంజను, గేర్‌బాక్సు, వెనుక ఇరుసు అను మూడింటి పోత ఇనుప గుల్లలను ఒకదానికొకటి బోల్టులతో బిగించి, వానినే బండికి వెన్నెముకగా చేసిరి. గేర్లు దుమ్ము చొరని గుల్లలో నూనె తడితో తిరుగసాగినవి. ఇంగ్లండులోని కవెంట్రీ నగరమున 1946 నుండి 1956 వరకు తయారైన ఫెర్గూసన్ టి.ఇ. 20 ట్రాక్టరు నిర్మాణమును ఇట్టిదే. అవి అయిదు లక్షలకు పైగా తయారైనవి. 1960లో మద్రాసున స్థాపించబడిన టాఫే సంస్థ మాసీ ఫెర్గూసన్ కంపెనీ సహకారముతో మన దేశమున చేసిన ట్రాక్టర్లు ఈ వంశమునకు చెందినవే.

ఈ అమరికలో ఒక చిక్కు గలదు. గేర్‌బాక్సు మరమ్మతు కావలసిన భాగము మాత్రమే కాదు, బండి బరువును మోయు దూలము కూడ. కనుక అతుకును విప్పుటకు ముందు ఆ దూలము చేయుచున్న పనిని మరియొకదానికి అప్పగించవలెను.

బరువును లెక్కించుట

టి.ఇ. 20 బరువు సుమారు 1,100 కిలోగ్రాములు. ముందు చక్రముల ఇరుసునకు వెనుక ఇరుసునకు మధ్య దూరము సుమారు 180 సెంటీమీటర్లు. లెక్క సులభమగుటకై ఇంజనుతో కూడిన ముందు భాగము 500 కిలోలనియు, దాని గురుత్వ కేంద్రము ముందు ఇరుసునకు 60 సెంటీమీటర్లు వెనుకగా నున్నదనియు అనుకొందము. ముందు ఇరుసునకు 100 సెంటీమీటర్ల వెనుక, అతుకు దగ్గర ఆధారమును పెట్టితిమనుకొందము. ముందు ఇరుసు చుట్టు భ్రామకములను తీసికొనిన, 500 × 60 = ఆధారముపై బరువు × 100. అనగా ఆ ఆధారము 300 కిలోలు మోయవలెను.

వెనుక భాగము 600 కిలోలు. దాని గురుత్వ కేంద్రము వెనుక ఇరుసునకు 10 సెంటీమీటర్లు మాత్రమే ముందున్నదనుకొందము. ఇరుసునకు 80 సెంటీమీటర్ల ముందు పెట్టిన ఆధారముపై పడు బరువు 600 × 10 ÷ 80 = 75 కిలోలు. ఇది స్వల్పముగా తోచును. మోసము ఇచ్చటనే యున్నది. 60 కిలోల మనిషి ఇరుసునకు మీటరు దూరమున బండి వెనుక కొననెక్కి నిలిచెనేని, 60 × 100 = 6,000; 600 × 10 కూడ 6,000. రెండు భ్రామకములును సమమై ఆధారముపై బరువు శూన్యమగును. అంతకు మించి ఏ కొంచెము బరువు వెనుక చేరినను గేర్‌బాక్సు ముక్కు పైకి లేచును. అందుచేత నాగలివంటి పనిముట్లను ముందుగానే విప్పివేయవలెను. వెనుక భాగముపై నెవ్వరును ఎక్కరాదు.

ఊగు ఇరుసు

ముందు ఇరుసు మధ్యలో ఒకే చీలపై ఊగునట్లు అమర్చబడియుండును. దున్నిన నేలలో ఒక చక్రము గట్టునెక్కినను, రెండవది చాలులో దిగినను, బండి శరీరము మెలిపడకుండుటకు ఈ ఏర్పాటు. అతుకు బిగిసియున్నంతవరకు పెద్ద వెనుక చక్రములు ఇంజనును ప్రక్కకు ఒరుగనీయవు. అతుకు విప్పిన క్షణమున ఆ పట్టు పోవును. ఇంజను ఒకే చీలపై నిలిచి ఏ ప్రక్కకైనను దొర్లగలదు. దీనిని ఆపుటకు ఇరుసునకును, దానిపైనున్న ఆధారపు గుల్లకును నడుమ రెండువైపుల గట్టి కొయ్యముక్కలను బిగించి కొట్టవలెను. పొలములో మేలుచేసిన ఊపును వర్క్‌షాపులో కట్టివేయుటయే ఇచ్చట మొదటి పని.

విడదీయు క్రమము

సమతలమైన గట్టి నేల కావలెను. బ్యాటరీ తీగను విప్పి, గేర్‌బాక్సు నూనెను దింపవలెను. ఆ నూనెలోనే కొంత రోగనిర్ణయమున్నది: ఇనుప పెళుసులున్న పళ్లు విరుగుచున్నవనియు, పాలవలె తెల్లబడిన నీరు చొచ్చినదనియు తెలియును. తరువాత వెనుక చక్రములకు అడ్డములు పెట్టి, విద్యుత్తీగలను, ఇంధన గొట్టములను, స్టీరింగు కడ్డీలను, ఇరుసును గేర్‌బాక్సు గుల్లకు కలుపు కడ్డీలను విప్పవలెను. టి.ఇ. 20లో స్టీరింగు కడ్డీలు విప్పగానే ముందు చక్రములు దేనికదిగా తిరుగును. వానిని తిన్నగా నిలుపవలెను.

వెనుక భాగమును జాకీపైననే వదలక, కదలని ఇనుప స్టాండుపై నిలుపవలెను. జాకీలోని నూనె కారినచో బరువు క్రిందికి దిగును. ముందు భాగము క్రింద చక్రముల జాకీని ఉంచి, బోల్టులను విప్పి, దానిని తిన్నగా ముందుకు జరుపవలెను. గేర్‌బాక్సును పూర్తిగా తీయవలెనన్న దాని వెనుకనున్న రెండవ అతుకును కూడ విప్పవలెను.

తిరిగి కలుపుట

గేర్‌బాక్సునుండి వచ్చు షాఫ్టుపై పొడవున గాడులుండును. క్లచ్ పళ్లెము నడుమ రంధ్రములోని గాడులలో అవి ఇమిడిపోవును. పళ్లెము ఫ్లైవీలునకు సరిగా నడుమనుండునట్లు ముందే అమర్చి, రెండు భాగములను ఒకే ఎత్తునకు తెచ్చి, ఇంజనును కొద్దికొద్దిగా త్రిప్పుచు దగ్గరకు చేర్చవలెను. షాఫ్టుపై బరువు వ్రేలాడినచో పళ్లెము వంగిపోవును.

రెండు గుల్లల నడుమ ఇంకను సందున్నప్పుడు బోల్టులు బిగించి లాగుట ప్రమాదకరము. పోత ఇనుము నొక్కుడును బాగుగ ఓర్చుకొనును గాని, లాగుడును వంపును అంతగా ఓర్వలేదు. గుల్ల చెవి పగిలినచో పోవునది బండి వెన్నెముకయే. సందు కలియకున్న గాడులు కలియలేదని గ్రహించి, ఎత్తును మరల సరిచూడవలెను.

తరగతిలో ప్రయోగము

మీటరు స్కేలు సున్న కొసను బల్ల అంచుపై నానించి, 100వ గుర్తు కడ స్ప్రింగు త్రాసునకు తగిలించి, స్కేలు మట్టముగా నుండునట్లు పట్టుకొని రీడింగు వ్రాసికొనుడు. తరువాత 60వ గుర్తు వద్ద 500 గ్రాముల గుండును వ్రేలాడదీసి, స్కేలును మరల మట్టమునకు తెండు. రీడింగు సుమారు 300 గ్రాములు పెరుగును. గుండును 80వ గుర్తునకు జరిపిన ఎంత పెరుగునో విద్యార్థులు ముందుగా లెక్కగట్టి, పిమ్మట త్రాసుతో సరిచూచుకొనవచ్చును. ట్రాక్టరు క్రింద స్టాండును పెట్టు మెకానిక్కు తెలిసికొనవలసిన లెక్కయు ఇదియే.